పందుల పని చేస్తామని డాక్టరుకు చెప్పండి

ప్రశ్న: మాది కోనసీమలో ఒక లంక గ్రామం. మా ఆయన, మా మరిది కలిసి కాలవగట్టు పక్కన షెడ్డు వేసి పాతిక సీమపందుల్ని పెంచుతున్నారు. ఆదివారం ఆదివారం మా మరిది ఒక పందిని కోసి మాంసం అమ్ముతాడు. రెండు నెలల కిందట కోసేటప్పుడు ఎముక గుచ్చుకుని అతని చూపుడువేలు ఎర్రగా, ఊదారంగుగా వాచింది. చీము పట్టలేదు గాని రాత్రిళ్లు నిద్రపట్టనంత మంట. ఆర్‌ఎంపీ గారు టీటీ ఇంజక్షన్ చేసి నొప్పి బిళ్లలు ఇచ్చారు. పందుల పని అని చెప్పడం నామోషీ అనిపించి, చేపలు కోస్తుంటే గుచ్చుకుందని చెప్పాడు. మూడు వారాలకు తగ్గింది. ఇప్పుడు ఊళ్లో ఒకాయన, పందుల నుంచి వచ్చే సూక్ష్మజీవి మెదడుకెక్కి చెవుడు వస్తుందని ఫోన్‌లో వీడియో చూపించాడు. పక్కింటివాళ్లేమో స్వైన్ ఫ్లూ వస్తుంది, షెడ్డు తీసేయమంటున్నారు. పోయిన వారం ఒక పంది ఈసుకుపోయింది, నెలలు నిండకుండానే పిల్లలు పడిపోయాయి. నాకు ఐదో నెల. మా అత్తగారు పందులన్నీ అమ్మేయమని గొడవ. అమ్మేస్తే మాకు వేరే ఆధారం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? నేను పంది మాంసం తినొచ్చా?
(పేరు వద్దు, రాజోలు ప్రాంతం)

జవాబు: అమ్మా, పందుల్ని అమ్మేయమని నేను చెప్పను. పందుల షెడ్డు పక్కన కాపురం ఉన్నంత మాత్రాన మెదడు జబ్బులు వచ్చిపడవు. కానీ మీరు మామూలు విషయాల్లా రాసేసిన రెండు సంగతుల దగ్గర నేను ఆగిపోయాను. మీ మరిది చేపల పని అని చెప్పడం ఒకటి, పంది ఈసుకుపోవడం రెండోది. పక్కింటివాళ్ల స్వైన్ ఫ్లూ మాట కన్నా, ఆ వీడియో కన్నా ఈ రెండూ మీ ఇంటికి ముఖ్యం. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను, మీ ఆయనా మీ మరిదీ కూడా చదివేలా చూడండి.

ముందు వేలి సంగతి. కంటితో చూడకుండా ఖాయంగా చెప్పకూడదు గాని, మీరు రాసినవన్నీ ఎరిసిపెలాయిడ్ అనే జబ్బుకు అచ్చంగా సరిపోతున్నాయి. ఎరిసిపెలోథ్రిక్స్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. పైకి ఏ జబ్బూ లేని పందుల గొంతులో కూడా అది ఉంటుంది. ఎముక మొన గుచ్చుకున్నా, కత్తి గీసుకున్నా ఆ గాయంలోంచి లోపలికి పోతుంది. రెండు రోజుల నుంచి వారం లోపు ఆ చోట ఊదా కలిసిన ఎరుపు వస్తుంది. దాని అంచు పెన్నుతో గీసినట్టు స్పష్టంగా, వేలితో తడిమితే కొద్దిగా ఉబ్బెత్తుగా తెలుస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఆ అంచు బయటికి జరుగుతూ పోతుంది, మధ్యలో రంగు తగ్గుతూ వస్తుంది. గోరుచుట్టుకైతే చీము పడుతుంది, అది బయటికి వచ్చేస్తే హాయిగా ఉంటుంది. దీనికి చీము ఉండదు. చీము తీద్దామని ఎవరైనా బ్లేడు పెడితే ఏమీ రాదు సరికదా, కొత్త పుండు మిగులుతుంది. వాపు చూస్తే కొంచెమే, బాధ మాత్రం దానికి పది రెట్లు. మంట, పోటు, దురద మూడూ కలిసి మనిషిని రాత్రంతా కూర్చోబెడతాయి.

చాలామందికి మూడు నాలుగు వారాల్లో ఇది దానంతట అదే తగ్గుతుంది. మీ మరిదికీ అలాగే తగ్గి ఉంటుంది. టీటీ వల్ల కాదు, టీటీ ధనుర్వాతం రాకుండా చేసేది, ఈ బ్యాక్టీరియాను అది ఏమీ చేయదు. పెన్సిలిన్ జాతి మందులకు ఈ జబ్బు చక్కగా లొంగుతుంది. మొదటి రోజుల్లోనే ఆ మందు పడి ఉంటే అన్ని రాత్రులు బాధపడే పని ఉండేది కాదు.

అలాగని తగ్గిపోయింది కదా అని వదిలేయకండి. నూటికి ఎవరో ఒకరికి అన్నట్టుగా, అరుదుగానే అయినా, ఇది రక్తంలో కలిసి గుండె కవాటాల మీద చేరుతుంది. వేలు మానిన వారాల తర్వాత కూడా ఆ సంగతి బయటపడొచ్చు. సాయంత్రాలు సన్నగా జ్వరం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. మీ మరిదికి ఇవేవీ లేకపోతే దిగులు అక్కర్లేదు. అయినా ఒకసారి ఎంబీబీఎస్ డాక్టరు దగ్గర స్టెతస్కోపు పెట్టించి గుండె చప్పుడు వినిపించండి. తేడా ఉంటే గుండెకు ఎకో తీస్తారు, రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో చూసే కల్చరు పరీక్షకు పంపుతారు. ఆ రక్తం ఏ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయాలి. మధ్యలో ఎవరూ మందుల షాపు నుంచి బిళ్లలు తెచ్చి వేయవద్దు. ఒక సూది పడిన తర్వాత తీసిన రక్తంలో బ్యాక్టీరియా దొరకడం కష్టం.

ఇక్కడ చేపల పని చేసే పాఠకులకు ఒక మాట. ఇదే బ్యాక్టీరియా చేపల మీద జిగురులోనూ, రొయ్యల మీదా ఉంటుంది. భీమవరం, నరసాపురం వైపు రొయ్యలు వలిచే ఆడవాళ్లకు, చేపల మార్కెట్లో ముళ్లు గుచ్చుకునేవాళ్లకు అచ్చంగా ఇలాంటి వేలే వస్తుంది. అందువల్ల మీ మరిది చెప్పిన చేపల అబద్ధం ఈ ఒక్క జబ్బు విషయంలో పెద్దగా నష్టం చేయలేదు, అడిగి తెలుసుకునే డాక్టరైతే దాన్నిబట్టి కూడా పట్టుకోగలడు. కానీ పందుల నుంచి వచ్చే మిగతా జబ్బులకు చేపలతో సంబంధం లేదు. అదే అబద్ధం వాటి విషయంలో ప్రాణం మీదికి తెస్తుంది.

వీడియోలో చెప్పింది కట్టుకథ కాదు. స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే బ్యాక్టీరియా ఉంది. అది కూడా పందుల ముక్కులో, టాన్సిల్స్‌లో ఉంటుంది. చేతి గాయంలోంచి గాని, పచ్చి మాంసం, పచ్చి నెత్తురు తినడం వల్ల గాని మనిషికి పడుతుంది. రక్తంలో కలిసి మెదడు పొరలకు చేరితే మెనింజైటిస్ వస్తుంది. మిగతా మెనింజైటిస్‌ల కన్నా దీనిలో చెవుడు చాలా ఎక్కువ. కొందరికి జ్వరం, తలనొప్పితో పాటే చెవులు వినపడకుండా పోతాయి, తల గిర్రున తిరుగుతుంది. ప్రాణం దక్కినా వినికిడి తిరిగి రానివాళ్లు ఎందరో. మనుషుల్లో దీన్ని మొదట 1968లో డెన్మార్క్‌లో గుర్తించారు. వియత్నాంలో పెద్దవాళ్లకు వచ్చే బ్యాక్టీరియా మెనింజైటిస్‌కు ముఖ్య కారణాల్లో ఇదొకటి. అక్కడా, థాయ్‌లాండ్‌లోనూ పచ్చి నెత్తురుతో, ఉడికీ ఉడకని పంది మాంసంతో చేసే వంటకాలు తినే అలవాటు ఉంది. మన ఇళ్లలో ఆ అలవాటు లేదు, ఇక్కడ ఇది తరచుగా వినపడే జబ్బూ కాదు. మనకు మిగిలిన దారి చేతి గాయం ఒక్కటే. మీ మరిది ప్రతి ఆదివారం తెరిచి పెడుతున్న దారి అది.

2005లో చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో జరిగింది మీ ఆయనకు చెప్పండి. ఒక్క వేసవిలో రెండు వందల మందికి పైగా రైతులు ఈ జబ్బున పడ్డారు, నలభై మందికి దగ్గరగా చనిపోయారు. వాళ్లంతా పట్నంలో మాంసం కొనుక్కుని తిన్నవాళ్లు కాదు. ఇంటి పెరట్లో నాలుగైదు పందులు పెంచుకునే చిన్న రైతులు. పంది నలతగా ఉందని, చచ్చిపోతే డబ్బు మొత్తం పోతుందని, చావకముందే కోసేశారు. కొందరు చచ్చినదాన్నే కోశారు. చేతికి తొడుగు లేదు, చేతుల మీద గాయాలున్నాయి. ఆ జబ్బు ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి పాకలేదు, ఆ పందుల్ని ముట్టుకుని కోసినవాళ్లకే వచ్చింది.

ఇది చదువుతూ మీ షెడ్డు గుర్తొచ్చి ఉంటుంది. పంది మేత మానేసి మూల పడుకుంటే మన దగ్గర కూడా మొదట వచ్చే మాట అదే కదా, "ఈ ఆదివారం దీన్నే కోసేద్దాం" అని. మీ ఇంట్లో ఆ మాట ఇంకెప్పుడూ రాకూడదు. నలతగా ఉన్న పందిని కోయకండి. నడక తడబడినా, మెడ ఒక పక్కకు వాలినా, వణికినా, కీళ్లు వాచినా అది స్ట్రెప్టోకాకస్ కావచ్చు. తెల్లటి సీమపందుల చర్మం మీద డైమండ్ ఆకారంలో ఎర్రటి మచ్చలు లేస్తే అది మీ మరిది వేలికి పట్టిన బ్యాక్టీరియానే కావచ్చు. తెల్ల పందుల మీద ఆ మచ్చలు చక్కగా కనపడతాయి, తెలియకపోతే చేత్తో తడిమినా తగులుతాయి. అలాంటి పందిని విడిగా కట్టి 1962కి ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఒక పంది ఖరీదు మీకు చిన్నది కాదని నాకు తెలుసు. అయినా ఈ విషయంలో నా మాట మారదు.

ఇప్పుడు, ఈ డెల్టాలో నన్ను అన్నిటికన్నా భయపెట్టే జబ్బు గురించి. వీడియోలో అది లేదు, పక్కింటివాళ్ల నోటా రాలేదు. లెప్టోస్పైరోసిస్, చాలామంది ఎలుక జ్వరం అంటారు. ఎలుకలే దీనికి పెద్ద కారణం, నిజమే. కానీ పందులు, పశువులు, కుక్కలు కూడా మూత్రంలో ఈ బ్యాక్టీరియాను వదులుతాయి. పంది పైకి బాగానే ఉంటుంది, మేత తింటుంది, నెలల తరబడి మూత్రంలో మాత్రం జబ్బును వదులుతూనే ఉంటుంది. తడి నేలలో, నిలవ నీళ్లలో ఈ బ్యాక్టీరియా వారాల పాటు బతుకుతుంది. కాళ్ల పగుళ్లలోంచి, ఒరుసుకుపోయిన చర్మంలోంచి, కళ్లలోంచి లోపలికి పోతుంది. మనదేమో మోకాలి లోతు నీళ్లలో ఊడుపులు ఊడ్చే నేల. గోదారి పొంగితే లంకల్లో ఇళ్లలోకి, షెడ్లలోకి నీళ్లొస్తాయి. షెడ్డు కడిగిన నీళ్లు బోదెలో కలుస్తాయి, బోదె కాలవలో కలుస్తుంది, ఆ కాలవ రేవులో పిల్లలు స్నానాలు చేస్తారు. కాలవలు కట్టేసిన రోజుల్లో అయితే ఆ నీళ్లు పారకుండా అక్కడే నిలిచి ఉంటాయి. ఈ జబ్బుకు ఇంతకన్నా అనువైన చోటు ఉండదు.

నీళ్లలో దిగిన రెండు రోజుల నుంచి నెల లోపు, ఎక్కువమందికి వారం పది రోజులకు, ఉన్నట్టుండి చలితో జ్వరం వస్తుంది. తలపోటు, నడుము నొప్పి. పిక్కలు పట్టుకుంటే మనిషి అరుస్తాడు. కళ్లు ఎర్రబడతాయి, పుసి మాత్రం ఉండదు. ఈ రెండూ, పిక్కల నొప్పీ పుసి లేని ఎర్రకళ్లూ, గుర్తుపెట్టుకోండి. చాలామందికి ఇంతటితో తగ్గిపోతుంది. కొందరికి నాలుగైదు రోజుల తర్వాత కళ్లు పచ్చబడి, మూత్రం తగ్గి, కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. సరిగ్గా ఇక్కడే మనవాళ్లు దారి తప్పుతారు. కళ్లు పచ్చబడ్డాయి అనగానే పచ్చకామెర్ల పసరు మందుకు తీసుకెళ్తారు. పథ్యం అని చప్పిడి కూడు పెడతారు, ఉప్పు మానిపిస్తారు. అలా మూడు నాలుగు రోజులు పోగొట్టుకుని, మూత్రం బంద్ అయ్యాక మనిషిని ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చిన కుటుంబాలను నేను చూశాను. జ్వరం ఉండగా కళ్లు పచ్చబడితే అది పసరుతో పోయే కామెర్లు కాదు. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

రెండో పొరపాటు ఒళ్లునొప్పులకు నడుముకి వేసే డైక్లోఫెనాక్ సూది. కిడ్నీ అసలే దెబ్బ తింటున్న మనిషికి అది ఇంకో దెబ్బ. జ్వరానికి పారాసెటమాల్ చాలు. ఇంకో చిక్కు ఏమిటంటే వానాకాలంలో ఏ జ్వరం వచ్చినా డెంగీ అనో టైఫాయిడ్ అనో అంటారు. లెప్టోలో కూడా ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కాబట్టి డెంగీలా కనపడుతుంది. ఇక ఒక్కసారి చేసిన విడాల్ పరీక్ష పట్టుకుని టైఫాయిడ్ అని రాసేయడం మన జిల్లాల్లో ఎంత మామూలైపోయిందో మీకూ తెలుసు. ఆ ఒక్క కాగితాన్ని నేను నమ్మను. లెప్టోకు విడిగా రక్తపరీక్ష ఉంది. అది కూడా జ్వరం మొదలైన మొదటి రోజుల్లో నెగటివ్ రావచ్చు, దాదాపు వారం గడిచాక గట్టిగా తెలుస్తుంది. అందుకే అనుమానం ఉంటే డాక్టరు రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. డాక్సీసైక్లిన్, పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్, అన్నీ మామూలు ఆస్పత్రిలో దొరికే మందులే. కొత్త మందులు అక్కర్లేదు, ఆలస్యం కాకుండా అనుమానం రావడమే కావాలి.

అనుమానం రావాలంటే డాక్టరుకు తెలియాలి. ఇదే నేను మీ ఇంటిల్లిపాదికీ చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట. జ్వరంతో ఏ ఆస్పత్రికి వెళ్లినా మొదటి నిమిషంలోనే "మేం పందులు పెంచుతాం, మాంసం కోస్తాం, ఫలానా రోజు చేతికి గాయమైంది, షెడ్డు నీళ్లలో పని చేస్తాం" అని చెప్పండి. ల్యాబువాళ్లకు కూడా ఆ మాట అవసరం. స్ట్రెప్టోకాకస్ సూయిస్‌ను వేరే మామూలు స్ట్రెప్టోకాకస్ అని పొరబడడం ప్రయోగశాలల్లో జరుగుతూ ఉంటుంది. పందుల మాట తెలిస్తే ఇంకోసారి పరీక్ష చేస్తారు. ఎరిసిపెలోథ్రిక్స్‌కు అయితే, గుండె కవాటాలకు బ్యాక్టీరియా పట్టినప్పుడు పెద్దాస్పత్రుల్లో తరచు వాడే వాంకోమైసిన్ అనే ఖరీదైన మందు అసలు పనిచేయదు, పాత పెన్సిలిన్ పనిచేస్తుంది. ఆ ఒక్క మాట చెప్పకపోతే ఖరీదైన మందు పడుతూనే ఉంటుంది, రోగి మాత్రం నీరసిస్తూనే ఉంటాడు.

మీ మరిది ఎందుకు దాచాడో నాకు అర్థమవుతుంది. పందులు పెంచేవాళ్లంటే మన ఊళ్లలో చిన్నచూపు ఉంది. హోటల్లో గ్లాసు విడిగా పెట్టిన రోజులు చూసిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అదే మనిషి దగ్గర ఆదివారం పొద్దున్నే క్యూ కట్టి మాంసం కొనుక్కునేవాళ్లు కూడా అతని పనిని తక్కువగా చూస్తారు. ఇది అన్యాయం. కష్టపడి బతికే పనిలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని మీ మరిదికి నా మాటగా చెప్పండి. డాక్టర్లదీ ఇందులో భాగం ఉంది. జ్వరం వచ్చిన మనిషిని ఏం పని చేస్తావని అడగకుండా చీటీ రాసేవాళ్లు ఎందరో. మీ డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. చెప్పినందుకు ఎవరైనా మొహం చిట్లిస్తే వేరే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇక మీ సంగతి. ఐదో నెల కాబట్టి, పోయిన వారం ఈసుకుపోయిన పంది గురించి నేను గట్టిగా అడుగుతున్నాను. ఆ పిల్లల్ని, మావిని ఎవరు తీశారు? ఒట్టి చేతులతోనా? ఎక్కడ పడేశారు? మీరు గాని ముట్టుకున్నారా? పందులు ఈసుకుపోవడానికి వైరస్‌లతో సహా చాలా కారణాలున్నాయి. వాటిలో లెప్టో ఒకటి, బ్రూసెల్లా ఒకటి. బ్రూసెల్లా మన దేశంలో మనుషులకు ఎక్కువగా ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెల నుంచి వస్తుంది. పందుల్లో ఉండే రకం కూడా మనిషికి పడుతుంది. మావిలో, ఆ నీటిలో ఈ బ్యాక్టీరియా కుప్పలు తెప్పలుగా ఉంటుంది. పడితే వారాల తరబడి వస్తూ పోతూ ఉండే జ్వరం, ఒళ్లంతా చెమటలు, నడుము, కీళ్ల నొప్పులు. టీబీ అని, టైఫాయిడ్ అని తిప్పి తిప్పి వైద్యం చేస్తుంటారు. దీనికి రెండు రకాల మందులు కలిపి ఆరు వారాలు వాడాలి, మధ్యలో మానకూడదు. లెప్టో, బ్రూసెల్లా రెండూ గర్భిణికి వస్తే కడుపు పోయే ప్రమాదం ఉంది.

అందుకని కాన్పయ్యేదాకా మీరు షెడ్డు కడగొద్దు. పంది ఈనేటప్పుడు, ఈసుకుపోయినప్పుడు ఆ దరిదాపులకు వెళ్లొద్దు. మావి ముట్టుకోవద్దు. మేత బక్కెట్టు గుమ్మం దగ్గర పెట్టి రావడం, లెక్కలు రాయడం లాంటివి చేసుకోండి. మగవాళ్ల పని బట్టలు విడిగా వేడినీళ్లలో, సబ్బుతో, చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని ఉతకొచ్చు. ఇంకా మంచిది, ఈ నాలుగు నెలలు వాళ్ల బట్టలు వాళ్లనే ఉతుక్కోమనండి. మీకు జ్వరం వస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా చూపించుకోండి, కడుపుతో ఉన్నానని, ఇంట్లో పందులున్నాయని రెండూ చెప్పండి. ఎందుకంటే డాక్సీసైక్లిన్ గర్భిణులకు ఇవ్వరు, మీకు సరిపడే వేరే మందు ఇస్తారు. ప్రతి నెలా 9వ తేదీన పీహెచ్‌సీలో గర్భిణులను డాక్టరు చూస్తారు కదా, ఈసారి వెళ్లినప్పుడు ఈ సంగతంతా చెప్పి మీ కార్డులో రాయించుకోండి. ఆ మావిని మీరు ముట్టుకుని ఉంటే మాత్రం 9వ తేదీ దాకా ఆగొద్దు, రేపే వెళ్లండి.

ఆ పంది నుంచి రక్తం తీసి ల్యాబుకు పంపమని పశువైద్యుణ్ణి అడగండి, వారం దాటినా ఆ పరీక్షకు ఇబ్బంది లేదు. ఫలితం వచ్చేదాకా దాన్ని విడిగా ఉంచండి, చూలు కట్టించవద్దు, పక్క ఊరివాళ్లకు అమ్మేయనూ వద్దు. ఇకముందు ఏ పంది ఈసుకుపోయినా చేతికి తొడుగులు వేసుకుని, కాలవకు దూరంగా లోతుగా గొయ్యి తీసి, సున్నం వేసి పూడ్చాలి. కుక్కలు తవ్వకుండా పైన బరువు పెట్టాలి.

పక్కింటివాళ్లకు ఏం చెప్పాలో కూడా రాస్తాను. స్వైన్ ఫ్లూ వైరస్ జబ్బు. 2009లో ప్రపంచమంతా పాకింది మనిషి దగ్గు నుంచి మనిషికి. మీ షెడ్డు తీసేసినా అది రావాలంటే బస్సులో పక్క సీటు నుంచి వస్తుంది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అని పేపర్లో చదివి భయపడుతుంటే, అది పందుల్ని చంపుతుంది గాని మనుషులకు రాదు. కానీ వాళ్ల భయంలో ఒక నిజం ఉంది. మెదడువాపు వ్యాధి, జపనీస్ ఎన్‌సెఫలైటిస్, పందుల్లో పెరిగి వరిచేలల్లో పుట్టే క్యూలెక్స్ దోమల ద్వారా పిల్లలకు వస్తుంది. 1999లో మన రాష్ట్రంలో అది ఎందరో పిల్లలను బలి తీసుకుంది. అదీ వైరస్సే, గాయాలతో సంబంధం లేదు. మీ షెడ్డుకు చుట్టూ దోమతెర కట్టండి, సాయంత్రం వేపాకు పొగ ఒక్కటే చాలదు. పిల్లలను దోమతెరలో పడుకోబెట్టమని పక్కింటివాళ్లకు కూడా చెప్పండి. టీకా ఉంది, మీ మండలంలో ఇస్తున్నారేమో ఏఎన్‌ఎం గారిని అడగండి.

వాళ్లు అడగాల్సింది అసలు మీ మురుగునీటి గురించి. ఆ విషయంలో నేను వాళ్ల పక్షమే. షెడ్డు నీళ్లు బోదెలోకి వదలడం ఈ వారంలోనే ఆపండి. మన నేలలో కొంచెం తవ్వితే నీళ్లు ఊరతాయి కాబట్టి ఇంకుడు గుంత పనికిరాదు. సిమెంటు తొట్టి కట్టించి అందులోకి వాలు పెట్టండి. పెంటను వానకు కొట్టుకుపోకుండా కప్పేసి కుప్ప వేసి, బాగా మాగిన తర్వాత కొబ్బరిచెట్లకు వేసుకోవచ్చు. కడిగాక నేల ఆరాలి. లెప్టో బ్యాక్టీరియాకు ఎండ పొడ, ఆరిన నేల గిట్టవు, బ్లీచింగ్ కూడా గిట్టదు. దాణా బస్తాలు ఎలుకలు దూరని డ్రమ్ముల్లో పెట్టండి, మీ షెడ్డులో ఎలుకలు ఉన్నంతకాలం పందులకూ జబ్బు మళ్లీ మళ్లీ తగులుతుంది.

కోసే పనికి రెండే వస్తువులు కొనమనండి. చెరువుల మీద పనిచేసేవాళ్లకు అమ్మే గమ్‌బూట్లు, మందపాటి రబ్బరు తొడుగులు. రొయ్యల మేత అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతాయి. గడ్డి వేసి కాల్చి బొచ్చు గీకేటప్పుడు, తల విడదీసేటప్పుడు, ఎముకలు కొట్టేటప్పుడు తొడుగు తీయకూడదు. గొంతు దగ్గర, టాన్సిల్స్ దగ్గర చేయి పెట్టే పని మరీ జాగ్రత్తగా చేయాలి. చేతికి అప్పటికే గాయం ఉంటే ఆ ఆదివారం కత్తి ఇంకొకరికి ఇవ్వాలి. తెగితే వెంటనే పని ఆపి, పారే నీళ్ల కింద సబ్బుతో బాగా కడిగి, బెటడిన్ పెట్టి కట్టు కట్టాలి. కాఫీపొడి, సున్నం, పసుపు పెట్టొద్దు. గాయమైన తారీఖు గోడ మీద క్యాలెండర్లో రాసిపెట్టండి. ఆ తర్వాత రెండు వారాల లోపు చలిజ్వరం, తల పగిలిపోయే నొప్పి, వాంతులు, మెడ పట్టేయడం, చెవిలో హోరు, ఇవేవైనా వస్తే ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి వెళ్లాలి. తాగే అలవాటు, షుగరు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు, ప్లీహం తీసేసినవాళ్లకు ఈ స్ట్రెప్టోకాకస్ సూయిస్ జబ్బు ఇంకా గట్టిగా పడుతుంది. మీ మరిది ఆదివారం పని మొదలుపెట్టేముందే మందు పుచ్చుకునే మనిషైతే ఆ సంగతి కూడా మీరు మాట్లాడాలి.

పందులకు కొన్న యాంటీబయాటిక్ సీసాలో మిగిలిన మందు మనుషులకు వేయడం కొన్ని ఊళ్లలో చూశాను. ఎప్పుడూ చేయకండి. పందులకు కూడా పశువైద్యుడు రాయకుండా దాణాలో కలిపి పెట్టొద్దు. అలా వాడీ వాడీ మందులకు లొంగని బ్యాక్టీరియా షెడ్డులోనే తయారవుతుంది, అది పెంచేవాళ్ల ముక్కుల్లో, చేతుల మీద చేరుతుంది. ఆఖరి ఆయుధంగా దాచుకున్న కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను మాంసానికి పెంచే జంతువులకు వాడకూడదని 2019లో కేంద్రం నిషేధించింది కూడా.

చివరిగా, తినొచ్చా అని అడిగారు. తినొచ్చు. మన పద్ధతిలో కుక్కర్లో మెత్తగా ఉడికించిన పంది కూరలో నేను పైన చెప్పిన బ్యాక్టీరియాలేవీ బతకవు. ముక్క కొరికితే లోపల గులాబీ రంగు ఉండకూడదు, అంతే. ఇబ్బంది కూరతో కాదు, కత్తిపీటతో వస్తుంది. పచ్చి మాంసం కోసిన పీట మీదే ఉల్లిపాయలు, టమాటాలు తరిగి పచ్చిగా పెరుగుచట్నీలో వేసుకుంటే విరేచనాలు పెట్టే సాల్మొనెల్లా, యెర్సీనియా లాంటివి అందులోకి వస్తాయి. యెర్సీనియా ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది, కాబట్టి పచ్చి మాంసం రోజుల తరబడి ఫ్రిజ్‌లో ఉంచొద్దు, ఉంచినా మూతపెట్టి కింది అరలో ఉంచండి. మాంసానికి ఒక పీట విడిగా పెట్టుకోండి. ఈ నాలుగు నెలలు పచ్చి మాంసం కడగడం, కోయడం మీ అత్తగారికో, మీ ఆయనకో అప్పజెప్పి, ఉడికిన కూర మీరు తినండి.